పాత జీపు రోగం పట్టుకోవడం యెట్లా?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడి పంతులుకు జీపు రిపేరితో యేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పని వున్నది. మా దగ్గర చదివిన పిల్లల్లో కొందరు పై చదువులకు పోతారు, కొందరు కువైటుకు డ్రైవర్లుగా పోతారు, తక్కినవారిలో చాలామంది షెడ్డులో పానా పట్టుకుంటారు. బడి వదిలిన తర్వాత వాళ్ళను చూడటానికి పోయి, ఉస్తాదుల పక్కన బల్ల మీద కూర్చొని, చూచి, అడిగి తెలుసుకొన్న సంగతులే యీ పూట మీకు చెప్పబోతున్నాము. షెడ్డులో పిల్లవాడు రోగం తప్పు చెబితే దాని ఖర్చు వాడి మీద పడదు. బండి మీద బతికే యింటి మీద పడుతుంది. అందుకని యిది సొసైటీ వేదిక మీద మాట్లాడదగిన విషయమే అనుకొన్నాము.

మన వైపు జీపు షోకు కోసం వచ్చిన బండి కాదు. గాలివీడు, వీరబల్లి, సంబేపల్లె వైపు కంకర దారుల్లో, వంకల్లో, గుట్టల కింది చేలల్లో తిరగడానికి వచ్చిన బండి. పెండ్లి వారిని మోసింది, శెనక్కాయ మూటలు మోసింది, కాన్పుకు ఆడవాళ్ళను ఆస్పత్రికి చేర్చింది. ఆటోలు, కొత్త రకం బండ్లు వచ్చిన తర్వాత బాడుగ జీపులు తగ్గినవి. అయినా దారి లేని చోటికి పోవలసి వస్తే యిప్పటికీ ముసలి జీపునే పిలుస్తారు.

యీ జీపు కథలో మనవారికి ఆసక్తి కలిగించే ముక్క ఒకటి వున్నది. మహీంద్రా కంపెనీ 1945లో లూధియానాలో మొదలైనప్పుడు దాని పేరు ‘మహీంద్రా అండ్ మహమ్మద్’. ఆ మహమ్మద్ యెవరంటే మాలిక్ గులాం మహమ్మద్. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తానుకు వెళ్ళి అక్కడ తొలి ఆర్థిక మంత్రి అయినాడు, 1951లో గవర్నర్ జనరల్ అయినాడు. యిక్కడ కంపెనీ పేరు 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’ అయింది. అమెరికావారి విల్లీస్ జీపులను విడి భాగాలుగా తెప్పించి బొంబాయిలో అమర్చడంతో వారి జీపు వ్యాపారం మొదలైంది. మనం యిప్పటికీ రోడ్డు మీద చూసే యెత్తు బానెట్టు జీపు విల్లీస్ వారు 1953లో తెచ్చిన సి.జె. 3బి రకమే. ఆ పెట్రోలు ఇంజను 134 ఘనపు అంగుళాలది, అనగా 2.2 లీటర్లు. తర్వాత డీజిలు వచ్చింది. ఎమ్మెమ్ 540 లోని 2112 సి.సి. ఇంజను ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ నమూనా. పెట్రోలు ఖర్చు భరించలేక పాత జీపులకు డీజిలు ఇంజను బిగించుకొన్నవారూ మనలో వున్నారు. అందువల్ల షెడ్డుకు వచ్చిన బండిలో యే ఇంజను, యే గేరుబాక్సు వున్నదో ముందు బానెట్టు యెత్తి చూడాలి. ఆర్.సి. పుస్తకం చూచి స్పేర్లు తెస్తే రెండోసారి బజారుకు పోవలసి వస్తుంది.

కొత్త బండ్లకు కంప్యూటరు వున్నది. తీగ తగిలిస్తే తప్పు నంబరు చెబుతుంది. పాత జీపుకు అది లేదు, కానీ దాన్ని నడిపేవాడికి నోరు వున్నది. మంచి ఉస్తాదు పానా తీయక ముందు డ్రైవరును కూర్చోబెట్టి అడుగుతాడు. యెప్పటి నుంచి? చల్లగా వున్నప్పుడా, కాగిన తర్వాతా? మిట్ట యెక్కేటప్పుడా, సాపులోనా? యిది మొదలు కాక ముందు ఆఖరున యే పని చేయించినావు? యీ చివరి ప్రశ్నకు జవాబులోనే సగం రోగాలు దొరుకుతాయని మేము చాలాసార్లు చూచినాము. నిన్న ఫిల్టరు మార్చినవాడి బండి యీ రోజు స్టార్టు కాకపోతే ఇంజను విప్పడమెందుకు? డీజిలు పైపులో గాలి చేరి వుంటుంది. బ్లీడింగు స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి నిఖార్సయిన డీజిలు వచ్చేదాకా చూచి బిగిస్తే పని అయిపోతుంది.

యిక మన ప్రాంతపు అసలు రోగానికి వస్తాము. అది వేడి. యెండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది, నీళ్ళు చూస్తే బోరు నీళ్ళు. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టేది మన ఆడవాళ్ళందరికీ తెలుసు. అదే పొర రేడియేటరు సన్న గొట్టాల్లోనూ కడుతుంది. దాన్ని కనిపెట్టడానికి యే మిషనూ అక్కరలేదు. ఇంజను కాగనిచ్చి, ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచిన తర్వాత రేడియేటరు ముందు వైపు అరచెయ్యి జాగ్రత్తగా ఆనించి జరపాలి. అంతా వేడిగా వుండి ఒక పట్టీ మాత్రం చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకొన్నట్టే. అప్పుడు ట్యాంకు విప్పించి కడ్డీ కొట్టించాలి. తర్వాత కూలెంటు పోయాలి. అది కొనలేనివారు వాన నీళ్ళు పట్టి పెట్టుకొన్నా బోరు నీళ్ళకంటే యెంతో మేలు. కాగిన రేడియేటరు మూత తీయరాదని మాత్రం పిల్లలకు పదిసార్లు చెప్పాలి. మొహం కాలిన పిల్లలను చూచినాము.

మాకు తెలిసిన ఒక జీపాయన సంగతి చెబుతాము. కడప నుంచి వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాటు యెక్కుతూ వుంటే ఆయన బండి సగంలోనే కాగిపోయేది. సాపు దారిలో యే యిబ్బందీ లేదు. ఒక షెడ్డులో హెడ్ గాస్కెటు పోయిందన్నారు, హెడ్డు విప్పినారు, గాస్కెటు మార్చినారు. మళ్ళీ ఘాటులో కాగింది. యింకొక చోట రేడియేటరు మార్చమన్నారు, మార్చినాడు. భార్య మెడలో గొలుసు తాకట్టుకు పోయింది. బండి మళ్ళీ ఘాటులోనే నిలిచింది. చివరకు ఒక ముసలి మిస్త్రీ ఆయనను నాలుగు మాటలు అడిగి, బానెట్టు యెత్తి, ఇంజను బాగా కాగనిచ్చి, యాక్సిలరేటరు రాడ్డును చేత్తో లాగి రేసు చేస్తూ కిందికి చూచినాడు. రేడియేటరు కింది హోసు చప్పిడి అయిన జొన్నకంకి మాదిరి అతుక్కుపోయింది. రేసు వదిలితే మళ్ళీ ఉబ్బి మామూలయింది. కింది హోసు వాటరు పంపు పీల్చే వైపు. దాని లోపలి స్ప్రింగు తుప్పు పట్టి పోయి, రబ్బరు మెత్తబడింది. ఘాటులో చిన్న గేరులో ఇంజను గట్టిగా తిరిగేటప్పుడు పంపు గట్టిగా పీలుస్తుంది, హోసు మూసుకుంటుంది, నీళ్ళు తిరగవు. షెడ్డులో నిలబెట్టి నెమ్మదిగా ఆడిస్తే యేమీ కనిపించదు. మూర పొడవు కూడా లేని రబ్బరు గొట్టం కోసం ఒక యింటి బంగారం బ్యాంకులో కూర్చొన్నది.

గాస్కెటు మార్చినవారికి చెడ్డ వుద్దేశం వున్నదని మేము అనము. పరీక్ష చేయకుండా విప్పినారు, అంతే. గాస్కెటు పోతే దానికి గుర్తులు వుంటాయి. చల్లటి ఇంజనుకు మూత తీసి స్టార్టు చేస్తే రేడియేటరు నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తాయి. డిప్పుస్టిక్కు మీద ఆయిలు పాల మీగడ రంగుకు తిరుగుతుంది. నీళ్ళు కారకుండానే తగ్గుతూ వుంటాయి. యివేవీ లేనప్పుడు హెడ్డు మీద చెయ్యి వేయడం దేనికి? ముందు ఫ్యాను బెల్టు, తర్వాత మూత, తర్వాత హోసులు, తర్వాత రేడియేటరు, ఆఖరున హెడ్డు. తక్కువ ఖర్చుది ముందు చూడాలి.

పొగ కూడా మాట్లాడుతుంది. డీజిలు బండికి నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు యెక్కువ పడుతున్నది. యెయిర్ ఫిల్టరులో మన యెర్రదుమ్ము యెంత చేరిందో ముందు చూడండి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతున్నది. తెల్ల పొగ అంటే డీజిలు మండకుండానే బయట పడుతున్నది. చలికాలం తెల్లవారుజామున ఒక్కపూటే అట్లా వస్తే హీటరు ప్లగ్గులు చూడాలి. ఇంజను ఒక కాలు కుంటినట్టు కొట్టుకుంటూ వుంటే ఇంజెక్టరు పైపు నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి చూస్తారు. యే నట్టు వదిలినప్పుడు చప్పుడులో మార్పు రాదో ఆ సిలిండరే పని చేయడం లేదన్నమాట. అయితే ఆ పైపు దగ్గర వేలు పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూరిపోతుంది, గాయం చూడటానికి చిన్నది, ఫలితం పెద్దది.

స్టార్టరు తిరగకపోతే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ‘బ్యాటరీ ఖరాబు’. హెడ్ లైటు వేసి స్టార్టరు తిప్పండి. లైటు ఆరిపోతే బ్యాటరీ డిమ్ము, లేదా టెర్మినళ్ళు తుప్పు, లేదా ఛాసిస్‌కు పోయే ఎర్తు తీగ వదులు. లైటు తగ్గకుండా వెలుగుతూనే స్టార్టరు కదలకపోతే లోపం స్టార్టరు వైపు వున్నది. కొత్త బ్యాటరీ కొనే ముందు యిసుక కాగితంతో టెర్మినలు రుద్దడానికి యెంతసేపు పడుతుంది?

బ్రేకుల విషయంలో మాత్రం పొదుపు మాట చెప్పము. పాత సి.జె. రకం జీపుల్లో నాలుగు చక్రాల బ్రేకులకూ మాస్టరు సిలిండరు ఒకే గది. ఒక చక్రం దగ్గర పైపు పగిలితే నాలుగూ పోతాయి. పెడలు మెత్తగా స్పాంజి మాదిరి తగిలితే గాలి వున్నట్టు. గట్టిగా తొక్కి పట్టినా మెల్లగా కిందికి దిగిపోతూ వుంటే కారుతున్నది, లేదా మాస్టరు సిలిండరు కప్పు అరిగింది. అట్లాంటి బండితో గువ్వలచెరువు దిగకూడదు. బ్రేకు ఆయిలు తగ్గిందని ఇంజను ఆయిలు పోసేవారున్నారు. దానితో రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి, తర్వాత పూర్తిగా పాడైపోతాయి. హ్యాండు బ్రేకు సంగతి యింకా చిత్రం. యీ జీపుల్లో అది చక్రాల దగ్గర లేదు, గేరుబాక్సు వెనుక ప్రొపెల్లరు షాఫ్టు మీద వున్నది. వెనుక చక్రం ఒకటి జాకీతో యెత్తితే డిఫరెన్షియలు వల్ల ఆ చక్రం వూరికే తిరుగుతుంది, హ్యాండు బ్రేకు వేసి వున్నా బండి కదలవచ్చు. కింద పడుకొన్న పిల్లవాడి గతి యేమి? మిగిలిన చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టనిదే యే పిల్లవాడినీ బండి కిందికి పంపవద్దని షెడ్డు యజమానులను చేతులు జోడించి అడుగుతున్నాము.

నాలుగు చక్రాల లివరు గురించి ఒక్క మాట. అది యిసుకలో, బురదలో వేయడానికే. తారు రోడ్డు మీద వేసి తిప్పితే ముందు వెనుక ఇరుసుల మధ్య మెలి పడి లివరు బిగుసుకుంటుంది. గేరుబాక్సు విప్పక ముందు బండిని కొంచెం వెనక్కి నడిపి చూడండి, చాలాసార్లు మెలి విడిపోతుంది. స్టీరింగు వణికితే ముందు చక్రం యెత్తి, పైనా కిందా పట్టి ఊపితే బేరింగు, కింగ్ పిన్ను ఆట తెలుస్తుంది. కుడి యెడమలు పట్టి ఊపితే టై రాడ్ల ఆట తెలుస్తుంది.

యిదంతా మన వూరి ఉస్తాదుల తలల్లో వున్నది, కాగితం మీద లేదు. వారిలో చాలామందికి వయసు మళ్ళింది. షాగిర్దులు స్కానరు వున్న షెడ్డులకు పోతున్నారు, అది తప్పు కాదు, కడుపు కోసం పోవలసిందే. అయితే పోయే ముందు వినవలసింది విని పోవాలి. మేము సొసైటీని అడిగేది పెద్ద సాయం కాదు. ఫీలరు గేజీ ఒకటి, మల్టీమీటరు ఒకటి, బ్యాటరీ హైడ్రోమీటరు ఒకటి, మంచి అట్ట రిజిస్టరు ఒకటి. నెలకు రెండు ఆదివారాలు ఒక ఉస్తాదు మాట్లాడతారు, పిల్లలు ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఉర్దూలో రాస్తారు. బండి చెప్పిన లక్షణం, చేసిన పరీక్ష, దొరికిన తప్పు, అయిన ఖర్చు – యీ నాలుగూ వుండాలి. తప్పుగా విప్పిన బండ్ల సంగతి కూడా పేర్లు లేకుండా రాయించాలని మా కోరిక.

చేరదలచిన పిల్లలు సభ ముగిసిన వెంటనే కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. తల్లులకు ఒక విన్నపం. ఆ ఆదివారాలు పిల్లలకు పాత చొక్కాలు తొడిగి పంపండి. గ్రీసు మరక సబ్బుకు పోదు, మొదట కొంచెం కిరసనాయిలుతో రుద్దవలసి వస్తుంది.