కాశికి పోయి వచ్చి కట్టిన ఇల్లు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పెద్దలు చెప్పుచుండెడివారు. రైళ్ళు లేని దినములలో కాశికి బయలుదేరినవాడు మరల ఇల్లు చేరునన్న నమ్మకము లేకుండుటచే ఆ సామెత పుట్టినది. మా విషయమున అది తలక్రిందైనది. మేమిద్దరమును క్షేమముగా తిరిగి వచ్చితిమి. వచ్చుసరికి ఇల్లే లేదు. ఆ ఇంటిని మరల నిలుపుకొన్న విధమును, ఆ సందర్భమున నేర్చుకొన్న నాలుగు సంగతులను నేడు మీకు మనవి చేయుదును. సముద్రతీరమున కాపురముండు పెద్దలకు ఇందు కొంత ఉపయోగముండునని నా ఆశ.

మాది శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో సముద్రమునకు చేరువగా వ్యాపించిన తోటల సీమకు ఆ పేరు. ఉద్యానమను సంస్కృత శబ్దమే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస: ఈ మూడును అచ్చటి ప్రజలకు అన్నము పెట్టు చెట్లు. మా ఇల్లు మా తాతగారు కట్టించినది. మట్టిగోడలు, తాటిదూలములు, పెంకుల కప్పు, ముందు వెడల్పైన వసారా, వెనుక పెరటిలో గిలకబావి, బావికిని ఇంటికిని నడుమ పెద్ద పనసచెట్టు. వేసవిలో ఆ చెట్టునీడ మా వంటయింటిపై పడుచుండెడిది. ఆ నీడను చూచి సంతసించితిమే కాని, ఆ చెట్టు ఎంత ఎత్తున్నది, పడినచో ఎచట పడును, అని మేమెన్నడును ఆలోచింపలేదు.

2018వ సంవత్సరమున నేను ఉపాధ్యాయ పదవినుండి విరమించితిని. ఆ యేటి మహాలయపక్షమున గయలో పితృకార్యము చేసి, అటుపిమ్మట కాశిలో నవరాత్రములు గడపవలెనని నా భార్య చిరకాల వాంఛ. సెప్టెంబరు కడపట బయలుదేరితిమి. గయలో ఫల్గునదీతీరమున, విష్ణుపాదమున పిండప్రదానములు ముగించి అక్షయవటము కడకు పోయితిమి. ఆ వృక్షము క్రింద యాత్రికులు తమకిష్టమైన ఒక ఫలమును, ఒక శాకమును జీవితాంతము విడిచిపెట్టుట ఆచారము. నేను కాకరకాయను విడిచితిని. అది నాకెన్నడును రుచింపదని నా భార్య ఎరుగును. ఆమె మాత్రము పనసపండును విడిచెను. ఉద్దానమున పుట్టి పెరిగిన స్త్రీ పనసపండును విడుచుట సామాన్యము కాదు. అంత కఠినమేల యని నేనడుగగా, ‘ఇష్టం లేనిది వదిలితే అది వదలడం ఎలా అవుతుందండీ?’ అనెను. నలుబది సంవత్సరములు పాఠము చెప్పిన నాకు ప్రత్యుత్తరము దొరకలేదు.

కాశిలో అక్టోబరు 10వ తేదీన నవరాత్రములు ఆరంభమయ్యెను. మరునాటి ఉదయము గంగాస్నానము చేసి సత్రమునకు వచ్చుసరికి హైదరాబాదునుండి మా కుమారుడు టెలిఫోను చేసి, ‘నాన్నగారూ, తెల్లవారుజామున తుఫాను పలాస దగ్గర తీరం దాటిందట. మన ఊళ్ళో ఎవరి ఫోనూ పలకడం లేదు’ అనెను. ఆ తుఫానునకు తిత్లీ అని పేరు పెట్టియుండిరి. తిత్లీ అనగా సీతాకోకచిలుక. దాని గాలివేగము గంటకు సుమారు 150 కిలోమీటర్లు. మేము కాశిలో మిగిలిన దినములను మానుకొని, హౌరా మీదుగా ఇంటిదారి పట్టితిమి.

రైలు బరంపురము దాటి ఇచ్ఛాపురమును సమీపించుకొలది పెట్టెలోని మాటలు సన్నగిల్లెను. కిటికీనుండి చూడగా కొబ్బరితోటలలో కొన్ని చెట్లు వేళ్ళతో పెకలి పడియుండెను. కొన్ని నడుమ విరిగి మొండెములవలె నిలిచియుండెను. జీడితోటలు నేలకు పరుపు పరచినట్లుండెను. పంట పోయినచో రైతు మరుసటి యేడు మరల విత్తును. దేశవాళి కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. ఒక్క వేకువలో ఒక తరము కష్టము పోయినదని ఆ కిటికీ కడనే నాకు తెలిసినది.

మా ఇంటి విషయము రెండు మాటలలో చెప్పుదును. వసారా కప్పును, దానితోపాటు నడియింటి కప్పులో సగమును గాలి ఎత్తికొనిపోయెను. పనసచెట్టు వంటయింటిపై పడెను. కప్పులేని మట్టిగోడలు వానకు నాని రెండు ప్రక్కల కరిగిపోయెను. మా తాతగారి పుస్తకముల పెట్టె నీట నానెను. ప్రక్కయింటి వృద్ధుడు, ‘పంతులుగారూ, మొదట గాలి ఈశాన్యం నుంచి కొట్టింది. చెట్లు వంగాయి గాని పడలేదు. తరువాత మళ్ళుకొని అటువైపు నుంచి కొట్టింది. అప్పుడు పడ్డాయి’ అనెను. ఆయన చెప్పినది శాస్త్రసమ్మతమే. మన సముద్రములలో పుట్టు తుఫాను గాలి అపసవ్యముగా సుడి తిరుగును. సుడి ముందునకు జరుగుకొలది ఒకే ఊరిమీద గాలిదిక్కు మారును. కలకత్తాలోనుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆయన మన కోరంగి ఉప్పెన మొదలగువాటిని పరిశీలించి, పాము చుట్టను సూచించు గ్రీకుపదమునుండి సైక్లోన్ అను పేరును కల్పించినది ఇందుచేతనే. కావున ఒక దిక్కునకు మాత్రమే గట్టిగానుండు ఇల్లు తుఫానునకు నిలువదు.

ఆ దినమున నన్ను ఆశ్చర్యపరచినది వేరొకటి కలదు. కూలిన పనసకొమ్మలను నరికి ఎవరో పెరటిలో బాట చేసియుండిరి. మా బావి చుట్టును ముప్పదిమంది స్త్రీలు బిందెలతో నిలిచియుండిరి. విద్యుత్ స్తంభములు కూలుటచే మోటార్లు ఆగిపోయెను. బోరుబావులలో నీరున్నను పైకి తీయుటకు సాధనము లేదు. ఆ వీధిలో గిలకయు చేదయు మిగిలిన బావి మాదొక్కటే. మోటారు పెట్టించుకొనక ఇంకను చేద లాగుచున్నారని మమ్ములను నవ్విన ఇల్లాలే ముందునకు వచ్చి, ‘ఏమీ అనుకోకండి అమ్మగారూ, మీరు లేనప్పుడు పెరట్లోకి వచ్చాం’ అనెను. నా భార్య యేమియు బదులు పలుకక చేద అందుకొని నీరు తోడసాగెను.

మా కుమారుడు వచ్చి, స్థలము అమ్మి తనతో హైదరాబాదు రమ్మని మిక్కిలి వేడెను. అతని మాటలో తప్పులేదు. అరువది యేండ్లు నిండినవాడు పునాది త్రవ్వించుట తగునా యని నాకును సందేహమే. రాత్రి పాఠశాల వసారాలో పరుండి ఈ మాటనే చర్చించుకొంటిమి. నా భార్య, ‘వెళ్దాం లెండి. కాని బావిని ఎవరికి అప్పగించి వెళ్దాం?’ అనెను. మరునాడు నేను ఇల్లు కట్టుటకు నిశ్చయించుకొంటిని.

అయితే మా తాతగారి ఇంటినే మరల కట్టినచో గాలియు మరల అదే పని చేయును. అనుభవము గలవారిని అడుగవలెనని 2019 జనవరిలో దివిసీమకు పోయితిమి. నాతోపాటు భాషాప్రవీణ చదివిన మిత్రుడొకడు అవనిగడ్డ చేరువను నివసించుచున్నాడు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మేమిద్దరము కళాశాల వసతిగృహమున ఒకే గదిలోనుంటిమి. వార్త విని అతడు పరుగున పోయెను. నెల దాటిన పిమ్మట తల గొరిగించుకొని తిరిగి వచ్చెను. ఏమి జరిగినదని నేనడుగలేదు. నలుబదియొక్క సంవత్సరముల తరువాత తన అరుగుమీద కూర్చుండి అతడే చెప్పెను.

నాడు సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున గ్రామములమీదికి వచ్చినది. 10,000కు పైగా జనులు మరణించిరి. హెచ్చరికను ఊరూరికి చేర్చు సాధనములు అప్పుడు స్వల్పము. అయినను వారి తండ్రిగారికి ఆ మధ్యాహ్నమే ఎవరో వచ్చి, ఎత్తైన చోటికి పొమ్మని చెప్పిరట. ఆయన, ‘గాదెలో ధాన్యం ఉంది, సావిట్లో పశువులున్నాయి, ఇల్లు గట్టిది’ అని కదలలేదట. తుమ్మకొమ్మలను పట్టుకొనిన తమ్ముడొక్కడే మిగిలెను. నా మిత్రుడు తాను కట్టుకొన్న ఇంటిని మూలమూలలు చూపించి, కడపట ఇట్లనెను: ‘ఒరే, ఇల్లు గట్టిగానే కట్టుకో. కాని గట్టిదని నమ్మి అందులో కూర్చోకు.’

ఇక కట్టిన విధము చెప్పుదును. గాలి కప్పును అణచునని మనము తలంతుము. అది పొరపాటు, గాలి కప్పును పైకి లాగును. వాలుమీదుగా వేగముగా పోవు గాలి పైభాగమున ఒత్తిడిని తగ్గించును. ఇంటిలోని గాలి క్రిందనుండి నెట్టును. మన ఇండ్లు బరువు మోయుటకు కట్టబడినవే కాని, పైకి లేవకుండ కట్టివేయబడినవి కావు. కావున వాసములను దూలములకును, దూలములను గోడపై వేసిన కాంక్రీటు బెల్టునకును, ఆ బెల్టును స్తంభముల ద్వారా పునాదికిని ఇనుప పట్టీలతోను బోల్టులతోను బిగించితిమి. ఇది గొలుసువంటిది. ఒక్క లంకె వదులైనను మిగిలినవి వృథా.

కప్పును నలుప్రక్కల వాలునట్లు, సుమారు 30 డిగ్రీల ఏటవాలుతో వేయించితిమి. రెండు వాలుల కప్పునకు చివరలనుండు త్రికోణపు గోడలు గాలికి ఎదురు నిలిచి ముందుగా కూలును. నాలుగు వాలుల కప్పు గాలిని జారవిడుచును. చూరును కురుచ చేయించితిమి. మా తాతగారి వసారా కప్పు నడియింటి కప్పుతో ఏకముగానుండుటచే గాలి ముందు దానిని గొడుగువలె పట్టుకొని, వెనుకదానిని గూడ ఈడ్చుకొనిపోయెను. ఇప్పుడు వసారా కప్పు వేరు, ఇంటికప్పు వేరు. పోయినచో అదియొకటే పోవును. తలుపులకును కిటికీలకును గట్టి గడియలు పెట్టించితిమి. గాలివైపు కిటికీ యొకటి పగిలినను లోపల గాలి నిండి కప్పును ఎగురగొట్టును. పునాదిపై ఒకటి, ద్వారబంధములపై ఒకటి, కప్పు క్రింద ఒకటి, మూడు బెల్టులు వేయించితిమి. ఎత్తుగా పెరుగు చెట్లను, అవి పడినను ఇల్లు తగులనంత దూరమున నాటితిమి.

వీటికి వ్యయమెక్కువ యగునని మేస్త్రి మొదట గొణిగెను. బోల్టులకును పట్టీలకును అయిన ఖర్చు మొత్తములో స్వల్పభాగమే. నష్టపరిహారము సంగతి చెప్పనక్కరలేదు. రెండు గోడలు నిలిచియున్నవి గనుక ఇల్లు పాక్షికముగా దెబ్బతిన్నదని ఒక ఉద్యోగి వ్రాసికొనిపోయెను. కప్పులేని రెండు గోడలలో ఎట్లు కాపురము చేయుదురో వివరింపుమని మూడుమారులు తిరిగితిని. నాల్గవమారు బయలుదేరగా నా భార్య, ఆ తిరుగుడు మాని ఇటుకలకు నీళ్ళు పట్టమనెను.

2020 మాఘమాసమున గృహప్రవేశము చేసితిమి. 2021 సెప్టెంబరు 26వ తేదీన గులాబ్ అను తుఫాను కళింగపట్నమునకు చేరువలో తీరము దాటినది. అది తిత్లీ అంత బలమైనది కాదు. దానికి నిలిచెనని మా ఇంటిని పొగడుకొనుట న్యాయము కాదు. ఆ మధ్యాహ్నము హెచ్చరిక వచ్చినంతనే నా భార్య దస్తావేజులును మందులును సంచిలో పెట్టుకొని, బావిపై మూతవేసి, తలుపు తాళము పెట్టెను. ‘ఇంత గట్టిగా కట్టుకొని పోవుటయేల?’ యని నా నోటివరకు వచ్చినది. దివిసీమలోని ఆ అరుగు జ్ఞప్తికి వచ్చి నోరు మూసికొని ఆమె వెంట పాఠశాలకు నడిచితిని. మమ్ములను చూచి మా వీధిలో ఏడు కుటుంబములు బయలుదేరెను. పంతులుగారి కొత్త ఇల్లే వదలి పోవుచున్నారు, మనమెంత, అనుకొనిరట.

శ్రోతలారా! గయలో నా భార్య చెప్పిన మాటకు అర్థము నాకప్పుడు తెలిసినది. ఇష్టము లేనిదానిని విడుచుట విడుచుట కాదు. చెమటోడ్చి కట్టుకొన్న ఇంటిని, ప్రాణము నిలుపుకొనుటకై, పిలిచిన గడియలో విడువగలుగుట నేర్వవలెను. కట్టునప్పుడు ఒక్క బోల్టునైనను వదులుగా ఉంచరాదు. హెచ్చరిక విన్నప్పుడు గడపయందు ఒక్క నిమిషమైనను నిలువరాదు. ఈ రెండును తెలిసినవాడే తీరమున కాపురము చేయ తగినవాడు.

2019 వానలలో నా భార్య పెరటి చివర, ఇంటికి దూరముగా, ఒక పనసగింజ నాటెను. అది నిరుడు తొలికాపు కాచెను. ఆమె ఆ పండ్లను కోసి, బావికి వచ్చిన ఇల్లాండ్రకు తొనలు పంచిపెట్టెను. తాను ఒక్కటియు నోట వేసికొనలేదు. నేను తింటిని. ఇప్పటికిని కాకరకాయ మాత్రము ముట్టను.

సెలవు.