పాత ఫోనుకు రిలీవింగ్ ఆర్డరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గనుకనే ఏటా ఈ రోజున మనం ఇలా కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ఫోను గురించి మాట్లాడమన్నారు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు మారే క్రమంలో మన సంఘంలో నా అంత అగచాట్లు పడ్డవారు లేరట. సన్మానంగానే తీసుకుంటున్నాను.

నేను ఖజానా శాఖలో 34 ఏళ్ళు పనిచేశాను. ఏడు బదిలీలు. వెళ్ళిన ప్రతిచోటా చార్జి జాబితా రాయడం, స్టాంపుల నిల్వ లెక్కపెట్టడం, డబుల్ లాకు తాళాలు చేతిలో పెట్టడం, ఇద్దరం సంతకాలు చేశాకే కుర్చీ దిగడం. అంత పద్ధతిగా బతికినవాణ్ణి ఫోను మార్చినప్పుడు జాబితా మాట మరిచిపోయాను.

2024 దసరాకు మా అమ్మాయి డాలస్ నుంచి వచ్చింది. "నాన్నా, వీడియో కాల్‌లో నీ మొహం మసకగా కనిపిస్తోంది, ఈ ఫోను ఇక పనికిరాదు" అని ఐఫోను నా చేతిలో పెట్టింది. అన్నీ తనే మార్చి పెడతానంది. అత్తవారి ఊరు, పెళ్ళి ఒకటి, షాపింగు, వీటితో సెలవు అయిపోయింది. ఫోను పెట్టెలోనే ఉండగా విమానం ఎక్కేసింది.

మొదటి చిక్కు సిమ్ దగ్గరే వచ్చింది. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14వ మోడల్ మొదలుకొని సిమ్ పెట్టే గాడి ఉండదు. మీ పిల్లలు అక్కడినుంచి ఫోను తెస్తామంటే ఈ సంగతి ముందే గుర్తుచేయండి. సిమ్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి ఈసిమ్ చేయించుకున్నాను. చేయించుకున్నాక మర్నాటిదాకా ఎస్సెమ్మెస్సులు రాలేదు. మన పేరు మీద ఎవడో సిమ్ మార్చి డబ్బు కాజేయకుండా పెట్టిన జాగ్రత్త అది. మంచిదే గానీ, ఆ రోజు మందుల దుకాణంలో నాకు అంత మంచిగా అనిపించలేదు.

మర్నాడు రెండు ఫోన్లూ పట్టుకుని బజారులో ఒక సెల్ దుకాణానికి వెళ్ళాను. కుర్రాడు చకచకా ఐఫోను తెరిచాడు, వాట్సాప్ ఎక్కించాడు, నా నెంబరు కొట్టాడు. తెరిచి చూస్తే ఖాళీ. ఒక్క సందేశం లేదు. "పాతవి రావు అంకుల్, కొత్త ఫోను కదా. పాతది ఇచ్చేయండి, రెండున్నర వేలు ఇప్పిస్తా. అంతా తుడిచేసి తీసుకుంటాం" అన్నాడు.

నా పాత ఫోను అప్పటికే వాడి చేతిలో ఉంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఆవిడ 2022లో పోయింది. ఆవిడకు ఫోనులో రాయడం విసుగు. ఏది చెప్పాలన్నా వాట్సాప్‌లో మైకు నొక్కి మాట్లాడి పంపేది. "ఏమండీ, వచ్చేటప్పుడు కరివేపాకు తెండి, మొన్నటిలాగా ఎండిపోయింది తేకండి." "బీపీ బిళ్ళ వేసుకున్నారా?" ఇలాంటివే అన్నీ. ఆవిడ పోయాక నేను ఒక్కొక్కటీ విని డైరీలో తేదీతో సహా రాసుకున్నాను. మొత్తం 43. ఇంట్లో ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఆ ఫోనులోనే ఉంది.

వాడి చేతిలోంచి ఫోను లాక్కున్నాను. వాడు బిత్తరపోయాడు. పాపం, వాడి తప్పేమీ లేదు, వాడికి ఏం తెలుసు?

ఇంటికి వచ్చి అమ్మాయికి ఫోను చేశాను. మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, అక్కడ రాత్రి రెండు. ఎత్తలేదు. అన్నం సహించలేదు. సాయంత్రం పక్కింటివారి మనవడు, ఇంజనీరింగు చదువుతున్నాడు, వచ్చి కూర్చున్నాడు. "తాతగారూ, పాత ఫోనులో వాట్సాప్ తీసేశారా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఎక్కడికీ పోలేదు" అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచివచ్చింది.

తర్వాత ఓపికగా విడమరిచి చెప్పాడు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తన నకలును గూగుల్ డ్రైవ్‌లో దాచుకుంటుంది. ఐఫోనులో అయితే ఐక్లౌడ్‌లో. ఒక జిల్లా ఖజానా పాస్ చేసిన బిల్లును ఇంకో జిల్లా ఖజానాలో చెల్లించనట్టే, గూగుల్‌లో ఉన్న నకలు ఐఫోనుకు పనికిరాదు. బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. నేనూ ఆ ధీమాతోనే ఉన్నాను. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు తిన్నగా వాట్సాప్ మార్చుకునే దారి 2022లో వచ్చింది. దానికి ఆపిల్ వారి 'మూవ్ టు ఐఓఎస్' అనే యాప్‌ను పాత ఫోనులో వేసుకోవాలి. మేము చేసినప్పటి పద్ధతి ప్రకారం ఐఫోను కొత్తదై ఉండాలి, లేదా అంతా తుడిచి కొత్తదానిలా చేయాలి. దుకాణంలో తెరిచి వాడటం మొదలుపెట్టడమే నేను చేసిన పొరపాటు.

తుడుద్దామంటే ఇంకో తాళం. అమ్మాయి ఆ ఫోనును తన ఆపిల్ ఖాతాతో తెరిచింది. పాస్‌వర్డు డాలస్‌లో, కోడు వచ్చేదీ డాలస్‌కే. పైగా అది అమెరికా ఖాతా గనుక నా బ్యాంకు యాప్ అందులో కనిపించనే లేదు. పిల్లలు ప్రేమతో కొనివ్వనీయండి, ఖాతా మాత్రం మీ పేరున, మీ నెంబరుతో, మన దేశం పేరు పెట్టి తెరిపించుకోండి. పాస్‌వర్డు డైరీలో రాసుకోండి. రాయకూడదని చదువుకున్నవాళ్ళు చెబుతారు. మన వయసుకు మరిచిపోవడం అంతకంటే పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం. ఆ డైరీ బీరువాలో పెట్టి తాళం వేయండి.

అమ్మాయి నిద్రలేచాక పని మొదలైంది. ముందు పాత ఫోనులో వాట్సాప్‌ను మళ్ళీ నా నెంబరుతో తెరిచాడు. కోడు ఐఫోనుకు వచ్చింది, దాన్ని చూసి ఇందులో కొట్టాడు. మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు ఐఫోనును తుడిచాడు, ఈసిమ్ ఉంచమంటారా తీసేయమంటారా అని అది అడిగినచోట ఉంచమని నొక్కాడు. రెండు ఫోన్లకూ చార్జర్లు పెట్టి, ఇంట్లో ఉన్న ఒకే వైఫైకి కలిపాడు. ఐఫోను మీద వచ్చిన కోడు పాతదాంట్లో కొట్టి, ఏమేమి పంపాలో అడిగినచోట వాట్సాప్‌ను ఎంచుకున్నాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఫోను ముట్టుకోవద్దని నన్ను వరండాలోకి పంపాడు.

నెంబర్లు, ఎస్సెమ్మెస్సులు, ఫొటోలు వచ్చేశాయి. వాట్సాప్ మాటలూ వచ్చాయి. వాట్సాప్‌లో ఎవరెవరు కాల్ చేశారన్న పట్టీ రాదు, దాంతో నాకు పనీ లేదు. ఆ రాత్రి డైరీ ముందు పెట్టుకుని తేదీ తేదీ టిక్కు పెడుతూ విన్నాను. 40 కుదిరాయి. మూడు పలకలేదు. పాత ఫోను తీసి చూశాను, అందులోనూ పలకలేదు. 2023లో ఫోను నిండిపోయిందని నేనే పాత ఫైళ్ళు కొన్ని తీసేశాను. వాటితో అవీ పోయాయి. ఆ లోటు నా ఖాతాలోదే. ఆ మూడింట్లో ఆవిడ ఏం చెప్పిందో డైరీలో రాసుకోలేదు, తేదీలు మాత్రమే ఉన్నాయి.

మిగతావి చిన్న సంగతులు. ఆపిల్ ఉచితంగా ఇచ్చే ఐక్లౌడ్ చోటు 5 జీబీ, గూగుల్‌లో ఇది 15 జీబీ. ఫొటోలు ఎక్కువున్నవారికి ముందే నిండుతుంది. వెనక్కి వెళ్ళే బొత్తాము కింద ఉండదు, ఎడమ అంచు నుంచి వేలితో జరపాలి. వారం రోజులు తిట్టుకున్నాను, ఇప్పుడు అలవాటైంది. 2023లో వచ్చిన 15వ మోడల్ నుంచి మామూలు సీ టైపు వైరే పనిచేస్తుంది గనుక ఇంట్లో చార్జర్లు పారేయకండి. డబ్బు పంపే యాప్‌లు మళ్ళీ మొదటినుంచి తెరవాలి. సిమ్ మీదే అని రుజువుకు అవి ఒక ఎస్సెమ్మెస్ పంపమంటాయి, ఐఫోనులో ఆ పంపే మీట మనమే నొక్కాలి. నా బ్యాంకు మొదటి మూడు రోజులూ అయిదు వేలకు మించి పంపనివ్వలేదు. ఆస్పత్రి పని, పెళ్ళి పని ఉన్న వారంలో ఫోను మార్చకండి. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నవంబరులో అసలు వద్దు. ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021లో వచ్చాక మనలో చాలామందికి ఫోనే ఆధారమైంది కదా.

తెలుగు మాటేమిటని ఎవరో అడిగారు. ఐఫోనులో తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగుల్లో చేర్చుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లు తెల్లబోయి ఆగిపోయేవి. ప్రపంచమంతా నవ్వుకుంది. ఆ నెలలోనే ఆపిల్ వారు సరిచేశారు. ఇప్పుడు జ్ఞానం ఎంత పంపినా తట్టుకుంటోంది.

పాత ఫోను నేను ఇవ్వలేదు. బీరువాలో ఉంది, నెలకోసారి చార్జింగు పెడతాను. ఆ 40 సందేశాలూ పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఒకటి అమ్మాయికి పంపాను. కరివేపాకు సందేశం ముందు విన్నదట. ఫోను చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాన్నా, ఇంతకీ ఆ రోజు పచ్చిదే తెచ్చావా?" అని అడిగింది. తెచ్చానని చెప్పాను. నిజానికి గుర్తులేదు.

వచ్చే నెల రెండో శనివారం పొద్దున పదింటికి సంఘం ఆఫీసులో ఉంటాను. పక్కింటి అబ్బాయి కూడా వస్తానన్నాడు. ఫోను మార్చదలచినవారు రెండు ఫోన్లూ, రెండు చార్జర్లూ తీసుకురండి. కొత్తదాన్ని ఇంటి దగ్గర తెరవకండి. పాతదాన్ని అప్పటిదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి.

సెలవు.