రాయి మనది, చట్టం ఎవరిది?



మన పింఛను రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితా 42వ అంశం. అంటే రాష్ట్ర ఖజానా నిండితేనే మన చేతికి అందేది. ఆ ఖజానాకు రాబడిచ్చే మన రాయి సంగతి చూడండి. జమ్మలమడుగు ప్రాంతపు సున్నపురాయిని బండలుగా కోస్తే చిన్నతరహా ఖనిజం, రాష్ట్ర నియమాలు. సిమెంటు ఫ్యాక్టరీకి పోతే 1957 నాటి కేంద్ర చట్టం. రాయల్టీ సొమ్ము రాష్ట్రానిదే గాని రేటు ఢిల్లీ నిర్ణయిస్తుంది. పులివెందుల ముగ్గురాయి 2015లో రాష్ట్రం చేతికొచ్చి, 2025లో మళ్ళీ కేంద్రానికి పోయింది. ఒక్కొక్క నోటిఫికేషన్‌తో!

రాయల్టీ కూడా పన్నేనని, దానిపై రాష్ట్రం సెస్సు వేయరాదని 1989లో సుప్రీంకోర్టు అన్నది. 2024 జూలై 25న తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఎనిమిదిమంది ఆ మాట కొట్టివేశారు. ఖనిజ హక్కులపై పన్ను రాష్ట్రాలదేనట. అయితే పార్లమెంటు పరిమితులు పెట్టవచ్చునట. అక్కడే ఉంది మెలిక.

కరువు భత్యం బకాయిలకు డబ్బు లేదన్నప్పుడు, ఈ రాయి లెక్క కూడా అడగాలని నా మనవి.