ఒక్క మాటకు 91,000 రూపాయలు

(గంజాం జిల్లా తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తుపాను బాధితులకు అందవలసిన ప్రభుత్వ సహాయం గురించి మాట్లాడమని నన్ను కోరారు. నేను రెవెన్యూ ఉద్యోగిని కాను, న్యాయవాదిని కాను. తెలుగు, ఒడియా రెండూ చదవను, రాయను వచ్చిన బడిపంతులను. ఆ రెండు భాషలూ వచ్చినందువల్లనే ఒక కుటుంబానికి నష్టం కలిగించినవాణ్ణి. ఆ సంగతి మీ ముందు చెప్పుకోవడానికే ఈ ప్రసంగానికి ఒప్పుకొన్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దానికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. అవతల శ్రీకాకుళంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టమైతే, ఇవతల గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషుల ప్రాణాలు తీశాయి. మన గంజాంలోనూ ఇళ్లు కూలాయి. కాని తరువాత వచ్చిన సహాయానికి మాత్రం సరిహద్దు ఉన్నది. అది నష్టం రాసుకొనే కాగితం మీది భాష.

నీరు తీసిన కొన్నాళ్లకు నష్టాల లెక్క రాయడానికి ఒక ఉద్యోగి మా పక్క జాలరి పేటకు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. పేటలో పెద్దవాళ్లకు ఒడియా అంతంతమాత్రం. నేను నడుమ నిలబడ్డాను. ఒక తాత ఎదురొచ్చి, "మేష్టారూ, నా పాక ఎగిరిపోనాది. ఇంకేటుందీ సెప్పడానికి?" అన్నాడు. ఆ ఉద్యోగి నా వైపు తిరిగి "కుడియా?" అని అడిగాడు. ఒడియాలో కుడియా అంటే గుడిసె. నేను అవునన్నాను. ఆయన ఒక గడిలో గీత పెట్టాడు, తాత వేలిముద్ర వేశాడు. అర నిమిషం పట్టిందో లేదో.

తాత ఇల్లు నేనెరుగుదును. మోకాలెత్తు అరుగు, నాలుగు మట్టిగోడలు, రెండు గదులు, చెక్క తలుపు. పైకప్పు మాత్రమే తాటాకు. సర్కారు లెక్కలో అది కచ్చా ఇల్లు, గుడిసె కాదు. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం ఆనాడు మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కా అయినా కచ్చా అయినా, 95,100 రూపాయలు. గుడిసెకు 4,100. నేను తలూపిన ఆ ఒక్క మాట ఖరీదు 91,000 రూపాయలు.

గుడిసె అంటే ఏమిటో ఆ నిబంధనలలోనే ఉన్నది. ఆకులతో, మట్టితో, ప్లాస్టిక్ పట్టాలతో తాత్కాలికంగా వేసుకొన్నది, కచ్చా ఇంటికన్నా హీనమైనది, అధికారులు గుడిసెగా గుర్తించేది అని దాని సారాంశం. అంటే చూసేవాడు దానినేమని పిలిస్తే అదే అవుతుంది. మనవాళ్ల మాటతీరు వేరు. కడుపు నిండినవాడు కూడా వినయానికి "మా గుడిసెకు రండి" అంటాడు. పాక అన్న మాటలో ఎన్ని రకాల ఇళ్లు ఇముడుతాయో మనకు తెలుసు, గడిలో గీత పెట్టేవాడికి తెలియదు. నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు.

2022లో కేంద్రం ఈ మొత్తాలను సవరించి, 2025-26 వరకు వర్తింపజేసింది. ఇంటికి 1,20,000, కొండ ప్రాంతాలలో 1,30,000, గుడిసెకు 8,000. వ్యత్యాసం పెరిగిందే గాని తగ్గలేదు.

పంచాయతీ దగ్గర జాబితా అతికించినప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. తాత చెప్పిన మాటల్లోనే తెలుగులో అర్జీ రాసి తీసుకుపోయాను. అక్కడి గుమాస్తా దానిని తిప్పి ఇచ్చి, ఒడియాలో రాసి తెమ్మన్నాడు. వాదించకుండా రాసి ఇచ్చాను. ఇప్పటికీ దానికి సిగ్గుపడుతున్నాను. భారత రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టాన్ని ఏ అధికారికైనా నివేదించుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. ఆ భాషలోనే జవాబు రావాలని అందులో లేదన్నది నిజమే. కాని అర్జీని తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు.

నెలలు గడిచాక పునర్విచారణకు వచ్చారు. అప్పటికి మట్టిగోడలు కరిగిపోయాయి, తాత ఆ మట్టినే మెత్తి టార్పాలిన్ కప్పుకొన్నాడు. "గోడలేవీ?" అని అడిగారు. చూపడానికి ఏమీ లేదు. నమోదు మారలేదు. ఆయన నన్నొక్క మాట అనలేదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను, సహాయంలో స్త్రీపురుష భేదం, కులం, సమాజం, వంశం, మతం అనే వివక్ష కూడదంటుంది. భాష అన్న మాట ఆ వరుసలో లేదు. దానిని చేర్చాలని మనం అడగాలి. అల్పసంఖ్యాక భాషవారు 15 శాతానికి తగ్గకుండా ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించాలన్న రక్షణ ఎప్పటినుండో ఉన్నది. పుదుచ్చేరి 1965లోనే యానాం కోసం తన అధికార భాషా చట్టంలో తెలుగుకు చోటిచ్చింది. కనుక మనం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. నష్టం రాసే కాగితం మీద ఇళ్ల బొమ్మలు, వాటి కింద తెలుగు మాట ఉండాలి. వేలిముద్రకు ముందు రాసినది చదివి వినిపించాలి. జాబితాను తెలుగులోనూ చాటింపు వేయాలి, అభ్యంతరాల గడువు ఆ రోజు నుండి లెక్కించాలి.

ప్రభుత్వం వినేలోగా మన పని మనం చేసుకోవాలి. అరుగు, గోడలు, తలుపు కనబడేటట్లు ఇంటి ఫోటో ఇప్పుడే తీయించండి. కూలిన తరువాత మట్టి ఎత్తకముందే మరొకటి తీయించండి. ఇంటిపేరు బ్యాంకు పుస్తకంలో ముందు, ఆధార్‌లో వెనుక ఉంటే సరిచేయించుకోండి. జాలరి సోదరులకు ఇంకొక మాట. ఆ నిబంధనలలో పడవలు, వలలతోపాటు కట్టుమరం కూడా ఉన్నది. ఇంగ్లీషువాడు తమిళం నుండి ఎత్తుకుపోయిన మాట మళ్లీ మన సర్కారు కాగితంలోకి చేరింది. మీ తెప్ప అదే. "పడవ లేదు, తెప్పే" అని చెప్పి ఊరుకోకండి.

అక్టోబరు తుపానులకు ఇంకా వ్యవధి ఉన్నది. వాకిట్లో కాగితాలు పెట్టించాను. మీ ఇంటిని మీరేమంటారో, గోడ దేనితో కట్టారో, కప్పు దేనితో వేశారో మీ ఊరి మాటల్లో రాసి ఇవ్వండి. రాయడం రానివారు చెబితే పిల్లలు రాస్తారు. ప్రతి మాట పక్కన ఒడియా మాట నేను రాస్తాను. భోజనాల తరువాత పంచలోనే కూర్చుంటాను.