టెన్షన్ తగ్గాలంటే ఏం చేయాలి? పోటీ పరీక్షలకు చదివేవాళ్ళ కోసం

ఈరోజు రోజువారీ టెన్షన్ గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళ గురించి.

హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు వెళ్తే ప్రతి గల్లీలో హాస్టళ్ళు, స్టడీ హాళ్ళు. అక్కడుండేవాళ్ళకి సిలబస్ కంటే ఎదురుచూపే పెద్ద బరువు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ సంగతే చూడండి. 2022 అక్టోబర్‌లో జరిగింది, రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిగింది, అదీ రద్దయింది. 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్‌తో మళ్ళీ రాశారు. ఇలాంటప్పుడు "టెన్షన్ పడకు" అంటే కోపం రాదా మరి? వస్తుంది.

టెన్షన్ వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, భుజాలు బిగుసుకుంటాయి. పరిగెత్తడానికో, పోట్లాడటానికో ఒళ్ళు రెడీ అవుతుంది. కానీ మనం కుర్చీలోనే కూర్చుని ఉంటాం. అందుకే ముందు ఒంటిని శాంతపరచాలి.

ఒకటి, ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. మూడు నిమిషాలు చాలు. మాక్ టెస్ట్ ముందు కూడా చేసుకోవచ్చు.

రెండు, నడక. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకి అరగంట. ఇందిరా పార్క్ పక్కనే ఉంది కదా! జిమ్ ఫీజు అక్కర్లేదు.

మూడు, టీ, సిగరెట్. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్ట్రాంగ్ టీ తాగి, నిద్ర రావట్లేదంటే ఎలా? సిగరెట్ తాగితే రిలీఫ్ అనిపిస్తుంది. కానీ ఆ చిరాకులో చాలా భాగం నికోటిన్ తగ్గడం వల్ల వచ్చిందే.

నాలుగు, ఫోన్. టెలిగ్రామ్ గ్రూపుల్లో "ఎగ్జామ్ వాయిదా అంట" అని గంటకో పుకారు. రోజుకి రెండుసార్లే, అదీ కమిషన్ వెబ్‌సైట్‌లోనే చూడండి. మిగతా గ్రూపులు మ్యూట్‌లో పెట్టేయండి. నోటిఫికేషన్ డేట్ మీ చేతిలో లేదు. ఇవాళ పాలిటీలో రెండు చాప్టర్లు రివిజన్ చేయడం మీ చేతిలో ఉంది.

ఐదోది కష్టమైనది. ఇంటి ఫోన్ ఎత్తడం. "ఏమైందిరా?" అని అడుగుతారని చాలామంది కట్ చేసేస్తారు. అప్పుడు అక్కడ వాళ్ళకి దిగులు, ఇక్కడ మీకు గిల్టీ. ఒక్క మాట చెప్పండి: "అమ్మా, డేట్ ఇంకా రాలేదు. రాగానే నేనే చెప్తా. నువ్వు అన్నం తిన్నావా?" అంతే. సగం బరువు దిగుతుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, దేని మీదా మనసు పోవట్లేదు అంటే అది మామూలు టెన్షన్ కాకపోవచ్చు. డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. వెంటనే పక్కనున్నవాళ్ళకి చెప్పండి, 14416కి కాల్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మీ రూమ్మేట్ ఈమధ్య మాట్లాడటం తగ్గించాడా? వీడియో షేర్ చేయడం తర్వాత, ముందు "టీకి పోదాం రా" అని పిలవండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.