పసుపు కాగితంతో ఒక మధ్యాహ్నం

సెలవుల్లో వీధి పిల్లలంతా ఒకచోట చేరితే ఇల్లు పీకి పందిరి వేస్తారని మన భయం. ఓ మధ్యాహ్నం వాళ్ళకు చెంచాడు పసుపు అప్పగించి చూడండి. నీళ్ళలో కలిపి తెల్లకాగితాలకు పూసి, నీడన ఆరబెట్టమనండి. చింతపండు పులుసు, ఉప్పునీళ్ళు, బట్టలసబ్బు నీళ్ళు తలో గిన్నెలో పోయండి. ఏ చుక్క ఏం చేస్తుందో ముందే పందెం వేసుకోనివ్వండి.

సబ్బు చుక్క పడ్డచోట కాగితం ఎర్రబడుతుంది. కూర మరక పడ్డ చీరకు సబ్బు పెడితే ఎర్రబడడం మనమెరిగిందే కదా! ఆ ఎరుపుమీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. మీరు మాత్రం తొందరపడి చెప్పేయకండి, "ఎందుకు?" అని వాళ్ళే అడగాలి. అప్పుడు చెప్పండి, పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుందనీ, పులుపు తగిలితే మామూలవుతుందనీ. పారాణి ఎరుపూ సున్నంలోని క్షారం వల్లనే. సున్నం కళ్ళకు ప్రమాదం, పిల్లల చేతికివ్వకండి.

ఇంకొక్కమాట. మగపిల్లలు చుక్కలు వేస్తూంటే ఆడపిల్లల్ని గిన్నెలు కడగమని పంపేస్తాం మనం. అలా చేయకండి. చుక్కలు అందరూ వేయాలి, గిన్నెలూ అందరూ కడగాలి.

మర్నాడు మందారరేకుల్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ రంగునీళ్ళతో ప్రయత్నించండి. ఈసారి పులుపుకీ రంగు మారుతుంది. ఏ రంగో పిల్లలే మీకు చెబుతారు.