సిలికానునకు ముందు నీరు: కాలిఫోర్నియాను గూర్చిన స్మారకోపన్యాసము

 బెంగళూరు బ్రూక్‌ఫీల్డునందలి తెలుగువారి యెదుట ఈ యేటి స్మారకోపన్యాసమును నేను చేయుచున్నాను. ఎవరి జ్ఞాపకార్థము ఈ ధర్మనిధి యేర్పడినదో, ఆ భూగోళోపాధ్యాయులు తమ పేరు శిలమీదగాని కాగితముమీదగాని యెక్కింపవలదని కుమారులతో చెప్పిపోయినారు. ఆ మాటను నేనును పాటింతును. వారి గుణసంపద మీ రెరిగినదే గనుక విస్తరింపను. నాకు మిగిలిన జ్ఞాపక మొక్కటి కలదు. నల్లబల్లమీద కృష్ణానదిని గీయునపుడు వారు మహాబలేశ్వరమునుండి కాక, హంసలదీవివద్ద మొదలుపెట్టి సుద్దముక్కను పడమటికి, ఎగువకు నడిపించెడివారు. నీరు చేరినచోటు చూచిన పిల్లవాడు అది యెక్కడినుండి వచ్చెనని అడుగక మానడని వారి విశ్వాసము. ఆ క్రమమునే నే నీ సాయంకాలము కాలిఫోర్నియాకు వర్తింపజేయదలచితిని.

ఆ రాష్ట్రపు సామాన్యవర్ణనమునకు ఎక్కువ కాలము తీసికొనను. 1848లో బంగారము దొరకుటయు, 1850లో అది అమెరికా సంయుక్తరాష్ట్రములలో చేరుటయు పాఠ్యపుస్తకములందున్నవే. వైశాల్యమున విభజనకు పూర్వపు ఆంధ్రప్రదేశ్‌కు ఒకటిన్నర రెట్లు. 2020 జనాభాలెక్కల ప్రకారము ప్రజలు సుమారు 3 కోట్ల 95 లక్షలు. 14,505 అడుగుల విట్నీ శిఖరమును, సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువనుండు మృత్యులోయయు ఒకే రాష్ట్రమున, ఒకదానికొకటి నూరుమైళ్లలోపుననే యున్నవి. సియెర్రా నెవాడా పర్వతములకును తీరశ్రేణికిని నడుమ నాలుగువందలయేబది మైళ్ల పొడవున పరచుకొన్న మధ్యలోయ ప్రపంచపు బాదముపంటలో ఇంచుమించు ఐదింట నాలుగుపాళ్లు పండించుచున్నది. హాలీవుడ్డు చిత్రములు, రేవులు, విమానపరిశ్రమ మీ రెరుగనివి కావు.

ప్రజల విషయమున మనవారి మాట యొకటి చెప్పి ముందుకు సాగెదను. 1912లో అక్కడి విశ్వవిద్యాలయమునకు చదువుకై పోయి, భారత స్వాతంత్ర్యమునకై పనిచేసిన గదర్ పార్టీలో చేరి, చెరసాల పాలయిన దరిశి చెంచయ్యగారు మన ఆధునిక చరిత్రలో తగినంతగా స్మరింపబడలేదని నా యభిప్రాయము. వారి ఆత్మకథ ‘నేనూ నా దేశం’ చదువని తెలుగు యువకుడు కాలిఫోర్నియా విమానమెక్కరాదనికూడ నే నందును. 1913లో భూమిచట్టముచేత ఆసియావాసులకు అక్కడ భూమి కొనుహక్కు లేకపోయినను, పంజాబునుండి పోయిన సిక్కు రైతులు యూబా సిటీ పరిసరముల తోటలు పెంచి నిలిచిరి. 1965 చట్టము వలసద్వారమును విశాలముగ తెరచినపిదప పోయిన మన డాక్టర్లు, ఇంజనీర్లు లివర్‌మోరులో దేవాలయమును కట్టిన వైనమును, 2001లో సిలికానాంధ్రను స్థాపించిన వైనమును ఈ సభలో అనేకులు నాకంటె బాగుగ చెప్పగలరు. మీలో కొందరి బిడ్డలు నేడక్కడనే యున్నారుగదా.

ఇక నేను చిరకాలముగా పత్రికలందును సభలందును ఎవరితో వాదించుచున్నానో వారి పక్షమును న్యాయముగా చెప్పవలయును. వారనునదేమన: నేడు సిలికాను లోయ యనబడు శాంటా క్లారా లోయ యైశ్వర్యమునకు కారణము మేధస్సు, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము, 1939లో హ్యూలెట్, ప్యాకార్డులు పాలో ఆల్టోలో ఒక గ్యారేజీలో మొదలిడిన పరిశ్రమ, 1957నాటి ఫెయిర్‌చైల్డు, 1968నాటి ఇంటెల్ అను సిలికాను సంస్థలు; మన బెంగళూరునందును శాస్త్రసంస్థలు కలవు, ఇంజనీర్లు కలరు, చల్లని గాలి కలదు, కావున అదే ఫలము ఇచటను పండినది, ఇంకను పండును. ఇందులో అసత్యము లేదు. ఉన్నదెల్ల అసంపూర్ణత. ఆ లోయ సిలికానునకు పూర్వము క్రుంగిపోవుచుండిన లోయ యనియు, ఆ క్రుంగుడును ఆపుటకు అక్కడి ప్రజలు తమ సొమ్ముతో చేసిన పని లేనిచో ఆ కర్మాగారములకు నిలువనేల దొరకియుండదనియు నా వాదము.

సంగతి యిట్టిది. 1854 ప్రాంతమున ఆ లోయలో త్రవ్విన బావులనుండి నీరు పంపుతో పనిలేకయే పైకెగసి నేలమీద పారెడిది. ఆ నీటిమీద ప్రూన్, ఆప్రికాట్ తోటలు లోయనిండ వ్యాపించినవి. తోటలు పెరిగినకొలది పంపులు పెరిగినవి, పంపులు పెరిగినకొలది నీటిమట్టము దిగినది. మన్నుపొరలలోని నీరు తోడివేయగా ఆ పొరలు నొక్కుకొనిపోయి నేలయే క్రుంగజొచ్చెను. 1930 తర్వాతి సర్వేలో శాన్ హోసే నగరము మునుపటి కొలతకంటె సుమారు 4 అడుగులు దిగియుండుట కొలతగాండ్రను దిగ్భ్రాంతులను జేసినది. 1970 నాటికి ఆ క్రుంగుడు సుమారు 13 అడుగులు. నేల దిగగా బావుల ఇనుపగొట్టములు ఎక్కడివక్కడ నిలిచి, పైకి మొలచినట్లు కానవచ్చెను. అఖాతపు టొడ్డుననున్న అల్వీసో గ్రామము సముద్రమట్టమునకు దిగువపడి కరకట్టలచాటున బ్రతుకవలసివచ్చెను. ఈ క్రుంగుడు లక్షణములను జీవితమంతయు కొలిచిన భూగర్భశాస్త్రవేత్త జోసెఫ్ పోలండు. మధ్యలోయలో ఒక స్తంభముప్రక్క నిలిచి, 1925నాడు నేల ఎంతయెత్తుననుండెనో చూపు పలకలతో ఆయన 1977లో తీయించుకొన్న ఛాయాచిత్రము ప్రపంచప్రసిద్ధము. 1925నాటి గుర్తు ఆయన తలకు ఎంతో పైన, స్తంభపు కొసన కనబడును.

నివారణోపాయము ముందుగనే తెలిసియుండెను. 1921లోనే టిబ్బెట్సు, కీఫరులను ఇంజనీర్లు వానకాలపు వరదను జలాశయములలో పట్టి, ఏరుల గులకయిసుకపై మెల్లగా వదలి, భూమిలోనికి ఇంకింపవలెనని పదునేడు జలాశయములతో ప్రణాళిక సమర్పించిరి. ప్రజలు ఓటువేసి దానిని త్రోసిపుచ్చిరి. 1925లోను మరల త్రోసిపుచ్చిరి. 1929లో జలసంరక్షణమండలి యేర్పడినది. 1935 మొదలు ఆల్మడెన్, కలేరో, గ్వాడలూపే, స్టీవెన్స్ క్రీక్ మొదలైన కట్టలు వెలసినవి. 1964లో భూగర్భజలము తోడువారిపై రుసుము విధించిరి; 1965లో దూరపు కాలువనీరు లోయకు చేరినది. 1970 ప్రాంతమున నేల క్రుంగుట నిలిచినది. ఈ తారీఖులను ఇంటెల్ పుట్టిన 1968 ప్రక్కన నుంచి చూడుడు.

ప్రతివాదులు దీనికి మూడు సమాధానములు చెప్పుదురు. మొదటిది: తోటలు పోయి ఫ్యాక్టరీలు వచ్చుటచేత నీటివాడుక తగ్గి క్రుంగుడు తనంత తానే యాగినదని. ఇది నిలువదు. 1940లో ఆ కౌంటీ జనాభా సుమారు లక్షాడెబ్బదియైదువేలు. 1970లో పదిలక్షల అరువదియైదువేలు. తోటయొక్క దాహము తగ్గినచోట నగరముయొక్క దాహము వచ్చిచేరినది. పైగా ఆ పరిశ్రమలే ద్రావకములను కార్చి భూగర్భజలమును చెరచినవి; కాలుష్యశుద్ధికై అమెరికా ప్రభుత్వము గుర్తించిన అత్యంత ప్రమాదస్థలములు ఏ కౌంటీలోకంటెను శాంటా క్లారాలోనే యెక్కువ. నేలను నిలిపినది పరిశ్రమల రాక కాదు. బయటినీరు, ఇంకుడునీరు, రుసుము, ఈ మూడును కలిసి నిలిపినవి.

రెండవది: అక్కడి వాతావరణము వేరు, మన వానలు వేరు అని. వేరే, నిజమే. శాన్ హోసేలో ఏడాదికి సగటున పదునైదు అంగుళముల వాన గగనము. బెంగళూరులో సుమారు 38 అంగుళములు కురియును. రెట్టింపునకు మించిన వాన కురియు నగరము 2024 వేసవిలో ట్యాంకరుకొరకు వీధిలో బిందెలు వరుసపెట్టినది. కావేరినీటిని సుమారు నూరు కిలోమీటర్ల దూరమునుండి, వందలమీటర్ల యెత్తునకు తోడి తెచ్చుకొను నగరము, తన నెత్తిమీద కురిసినదానిని మురుగుతో కలిపి వదలివేయుచున్నది.

మూడవదే బలమైనది; దానిని నేను గౌరవింతును. శాంటా క్లారాది వండలినేల, నీటిని దాచుకొనును. బెంగళూరుది కఠినమైన నైసుశిల, పైనున్న శిథిలపుపొరలోను బీటలలోను తప్ప నీటికి చోటులేదు. కాబట్టి పోలిక పొసగదని భూగర్భశాస్త్రజ్ఞులు అందురు. ఈ వాక్యమునుండియే నా వాదము బలపడుచున్నది. లోపల చోటు తక్కువగనుకనే మన పూర్వులు నీటిని నేలపైన, ఒకదానిక్రింద నొకటిగా గొలుసుకట్టు చెరువులందు నిలిపిరి. బెళ్లందూరు చెరువు నిండిన వర్తూరునకు, వర్తూరు నిండిన దక్షిణపినాకినికి పారుట ఆ యేర్పాటులోనిదే. అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. శాన్ హోసేలో నీరు తరిగినపుడు నేల క్రుంగి చెప్పినది: బావిగొట్టములు పైకి మొలచినవి, సముద్రము ఊరిలోనికి వచ్చినది, సర్వేవాడు కొలిచి చూపినాడు, పన్ను కట్టుటకు ప్రజలు సమ్మతించిరి. మన శిల క్రుంగదు. బోరు ఎండినను పై అంతస్తు చెక్కుచెదరదు. మూడువందల అడుగులనుండి వేయి అడుగులకు రిగ్గు దిగుచున్నను వీధి యథాతథముగ నుండును. హెచ్చరిక లేని నష్టము గనుకనే మనకు కొలత వారికంటె అవసరము.

ఇంకొక మాట. ఈ విద్య అక్కడినుండి మనకు రావలెనను భ్రాంతి కొందరికి కలదు. 1874 డిసెంబరులో శుక్రగ్రహసంక్రమణమును పరిశీలించుటకై జపానునకు పోయిన అమెరికా తీరసర్వే శాస్త్రవేత్త జార్జి డేవిడ్సన్, తిరుగుప్రయాణమున భారతదేశమునకు వచ్చి మన కాలువలను చూచి, 1875లో కాలిఫోర్నియా సేద్యమునకై నివేదిక వ్రాసెను. మధ్యలోయ నీటిపారుదలను విచారించిన కమిషనులో ఆయన సభ్యుడు. అమెరికా ఇంజనీరు హెర్బర్టు విల్సన్ భారతసేద్యముపై వ్రాసిన గ్రంథమును అమెరికా భూగర్భసర్వేశాఖ ప్రచురించినది. చట్టములందును మనము వెనుకబడలేదు: ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము 2002నాటిది, కర్ణాటక భూగర్భజలచట్టము 2011నాటిది, కాలిఫోర్నియా రాష్ట్రమంతటికి వర్తించు చట్టము 2014లోగాని పుట్టలేదు. వారు ఆలస్యముగ వ్రాసికొనిరి, కాని వారి చేతిలో శతాబ్దపు కొలతలు ఉన్నవి. మనవద్ద చట్టము ముందున్నది, కొలతలపుస్తకము లేదు.

ఆ పుస్తకమునకు పనికివచ్చు సామగ్రినే నేనిప్పుడు కూర్చుచున్నాను. 1882లో మైసూరు మహారాజు దానముచే వెలసిన వైట్‌ఫీల్డునుండి వర్తూరువరకు, హొసకోటవైపు, నేటికిని ఇంట తెలుగు మాటాడు పాత కుటుంబములు అనేకమున్నవి. ఐటీపార్కు రాకమునుపే, లేఅవుట్లు పడకమునుపే ఈ చెరువులక్రింద వరి, రాగి పండించినవారు వారు. ఏ తూము ఎప్పుడెత్తెడివారు, నీరుగంటి ఎవరి మడికి ముందు నీరు వదలెడివాడు, రాజకాలువ ఏ యింటి గోడక్రింద నేడు పూడిపోయినది అనునవి వారినోట వినిన వినినట్లు వ్రాసికొనుచున్నాను. కుందలహళ్లి చెరువుచుట్టు నడకకు వచ్చు మీలో కొందరు నన్నచట పెద్దవారిప్రక్క కూర్చుండి యుండగా చూచియుందురు.

దీనికి మీ సహాయము కావలయును. మీ అపార్టుమెంటులో బోరు వేసినపుడు రిగ్గువారిచ్చిన చీటి సంఘపు కాగితములలో ఎక్కడనో యుండును. అందులో మొత్తము లోతొక్కటే కాక, ఎన్ని అడుగుల కేసింగు దించిరో యుండును. కేసింగు ఆగినచోటనే గట్టిరాయి మొదలు. పైనున్నది వానను దాచుకొనగల శిథిలపుపొర. పదిమంది చీటీలు చేరిన ఈ బ్రూక్‌ఫీల్డు క్రింద ఆ పొర ఎక్కడ మందమో, ఎక్కడ పలుచనో, ఏ మూల ఇంకుడుగుంత త్రవ్విన ఫలమో పటము గీయవచ్చును. చీటీ తేదీయు, నీరుపడిన లోతును, కేసింగు పొడవును వ్రాసి ఇచ్చినను చాలును. బల్లమీద చిట్టాపుస్తకము నుంచితిని. వెళ్లుటకు ముందు మీ వీధిపేరు, బోరులోతు అందులో వ్రాయుడు.